గిర్ని ఖాలమ్మ పిడికెడు శనగపప్పు

గిర్ని ఖాలమ్మ చనిపోయిందన్న కబురు మా ఇంటికి ఫోనులో రాలేదు, జొన్నల డబ్బాతో వచ్చింది. ఆ పొద్దున మా అత్త డబ్బా నెత్తిన పెట్టుకొని పిండి పట్టించడానికి పోయింది. పది నిమిషాలు కాకముందే తిరిగి వచ్చి, డబ్బా దించి, మూత తీసి నా ముందు పెట్టింది. జొన్నలు జొన్నల్లాగానే ఉన్నాయి.

"పోయిందే మీ ఖాలమ్మ," అంది. "నమాజుకు లేసిందట. ఒళ్లు బరువున్నదని మళ్ల ఒరిగిందట. ఇగ లేవలే."

అని గడప మీద కూలబడింది. లేచిన దగ్గరి నుంచి వీధిలో ఏదో తక్కువైనట్టు నాకు అనిపిస్తూనే ఉంది. తక్కువైంది పిండి గిర్ని చప్పుడని అప్పుడు తెలిసింది.

మొన్నటితో నలభై రోజులు నిండాయి. ఇన్ని రోజులూ ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చోవడం, నవ్వొచ్చి లేచిపోవడం. నవ్వనే అంటున్నాను, పొరపాటు రాయలేదు. పోయిన రోజు కడుపునిండా ఏడ్చాను. కానీ ఆమెను తలచుకుంటే మాత్రం నవ్వే వస్తుంది, ఏం చేయను?

గుమ్మడిదల నుంచి బొంతపల్లి పోయే దారికి కొంచెం లోపలికి ఉంటుంది మా ఊరు. ఒక పక్క వరి మళ్లు, ఒక పక్క మందుల కంపెనీలు. గాలి ఎటు నుంచి వీస్తుందో చూసుకొని బట్టలు ఆరేసుకుంటాం. నేను ఇక్కడికి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అంగన్‌వాడీలో పిల్లలకు అక్షరాలు దిద్దిస్తాను. మా గోడకు ఆనుకొనే గిర్ని. ఖాలమ్మ భర్త పోయాక ఆమే నడిపింది. రెండు మిషన్లు. ఒకటి పిండికి, ఇంకొకటి కారానికి, పసుపుకు. ఒక్కడే కొడుకు, కంపెనీ బస్సు డ్రైవరు. వాళ్ల భాషలో ఖాలా అంటే పిన్ని. ఊరంతా దానికి ఒక అమ్మను కూడా తగిలించి ఖాలమ్మను చేశారు. మా అత్త మాత్రం "వదినె" అనేది, ఆమె కూడా "వదినె" అనేది. ఇద్దరూ రోజుకొకసారి పోట్లాడుకోకపోతే అన్నం అరగదు.

జీవితమంతా మిషను పక్కన మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు అక్కడే ఆగిపోయింది. మిషను బందైనా గొంతు తగ్గేది కాదు. రహస్యం కూడా అరిచే చెప్పేది. నాకు రెండోసారి నెల తప్పిన సంగతి నా మొగుడికంటే ముందు బస్టాండుకు తెలిసింది, ఖాలమ్మ చెవిలో చెప్పాను కనుక. "నేనెవ్వరికి చెప్పలే బిడ్డా" అని కూడా ఆమె అరిచే చెప్పింది.

గిర్నిలో ఆమెకొక పద్ధతి ఉండేది. ఎవరు ముందొచ్చారన్నది లెక్క కాదు, ఏ గింజ తెచ్చారన్నది లెక్క. పొద్దున ముందు బియ్యం, తర్వాత గోధుమలు, ఆ తర్వాత జొన్నలు, ఆఖరున రాగులు. తెల్లదాని నుంచి నల్లదానికి. సర్పంచు ఇంటి డబ్బా అయినా సరే, జొన్నలు తెస్తే కూలివాళ్ల గోధుమల వెనకే. ఎవరైనా గులిగితే, "ఇది గింజల లైను, మనుషుల లైను కాదు" అనేది. ఆమె చెప్పిన మాటల్లో నేను ఎక్కువసార్లు వాడుకున్నది మాత్రం ఇంకొకటుంది. "గిర్నిల ఎవని పిండి వానికే పురాగ రాదు బిడ్డా. ముందటోనిది జెర నీకొస్తది, నీది జెర వెనకటోనికి పోతది. నచ్చకుంటే ఇంట్ల ఇసుర్రాయి ఏసుకో."

ఇంకొక అలవాటు. ఆమె వెనక అరలో పాత బిస్కెట్ డబ్బా ఒకటి ఉండేది, దాని నిండా శనగపప్పు. తనకు నచ్చినవాళ్ల గోధుమల్లో అడగకుండానే పిడికెడు శనగపప్పు వేసేది. రొట్టె మెత్తగా వస్తుందని. కొత్త కోడళ్లకు, నెల తప్పినవాళ్లకు, పరీక్షలు రాసే పిల్లలున్న ఇళ్లకు తప్పకుండా పడేది. పైసలు తీసుకునేది కాదు. ఎవరి మీదైనా కోపమొస్తే ఆ వారం పప్పు బంద్. మా అత్త రొట్టె తుంచుతూనే "ఏమైందే వదినెకు, ఇయ్యాల గట్టిగున్నది" అని కనిపెట్టేది.

ఇక కథలోకి వస్తాను. కంపెనీలు పెరిగేకొద్దీ ఊరి చివర రేకుల గదుల లైన్లు లేచాయి. బిహార్ నుంచి, ఒడిశా నుంచి, జార్ఖండ్ నుంచి జనం వచ్చారు. మా ఊరికి అంత తేడా తెలియదు, అందరూ బిహారోళ్లే. మొదట మగవాళ్లు ఒంటరిగా వచ్చారు, తర్వాత కుటుంబాలు దిగాయి, పేచీలు అప్పుడు మొదలయ్యాయి. నల్లా దగ్గర బిందెల పేచీ. ఆవనూనె వాసన పేచీ. పాటల సౌండు పేచీ. మా అత్తయితే రోజుకొక ఫిర్యాదు తెచ్చేది. వాళ్లకూ మా మీద ఉండే ఉంటాయి, మాకు అర్థమయ్యే భాషలో కాదు గనుక బతికిపోయాం. ఒకసారి మా వీధివాళ్లు నలుగురు గిర్నికి పోయి, బయటోళ్ల డబ్బాలు వేరేగా పెట్టించమన్నారు. ఖాలమ్మ చేతులు కొంగుకు తుడుచుకొని, "నా రాయి తెలుగు మాట్లాడదు, హిందీ మాట్లాడదు. గోధుమలు తెస్తే గోధుమల కాడ పెడత" అంది. వాళ్లు పోయాక నాతో, "వీళ్ల జొన్నలకు రాగుల వెనక నంబరు ఇస్త వారం దినాలు" అంది. ఇచ్చింది కూడా.

లైన్లలో ఉండే వాళ్లలో ఒక ఆమె మా అంగన్‌వాడీకి కొడుకును తీసుకొచ్చేది. ప్యాకింగ్ సెక్షన్లో పని. నేను దీదీ అనేదాన్ని, ఖాలమ్మ బహూ అనేది. కొన్నేళ్ల కింద దీదీ మొదటిసారి ఛఠ్ వ్రతం పట్టింది. దీపావళి అయ్యాక సూర్యుడికి చేసే పూజ అది, ఒకటిన్నర రోజు మంచినీళ్లు కూడా తాగరు. వాళ్లలో ఆ వ్రతం అత్త చేతి నుంచి కోడలి చేతికి వస్తుందట. అత్తకు ఇక చేతకాక ఆ ఏడే అప్పగించింది. రైలు టికెట్లు దొరకలేదు, సెలవు ఇవ్వలేదు. ఇక్కడే చేస్తానని దీదీ ఫోనులో అత్తకు మాటిచ్చింది. మొదటి ఏడే చెడిపోతే ఇక ఆ ఇంట్లో ఈ వ్రతం లేనట్టే అని అత్త ముందే చెప్పి పెట్టింది. అత్తల సంగతి నాకు వేరే చెప్పాలా.

నైవేద్యానికి ఠేకువా అని బెల్లంతో బిళ్లలు చేస్తారు. దానికి గోధుమలు కడిగి, పిట్ట ముట్టకుండా ఎండబెట్టి, కడిగిన రాయి మీదే పట్టించాలి. ఈ సంగతంతా దీదీకి తెలుసు, మాకు తెలియదు. దీదీకి ఆ రోజు డ్యూటీ. మొగుడు షిఫ్టుకు పోతూ పోతూ డబ్బా గిర్నిలో పెట్టి, "పూజ గోధుమలు, మంచిగా పట్టు" అని హిందీలో చెప్పి పరుగెత్తాడు.

ఖాలమ్మ మంచిగానే పట్టింది. పూజ అంటే పండుగ, పండుగ అంటే రొట్టెలు, పైగా చిన్న పిల్లవాడున్న ఇల్లు. పిడికెడు కాదు, రెండు పిడికిళ్లు వేసింది.

సాయంత్రం దీదీ వచ్చి డబ్బా మూత తీసింది. పిండి పచ్చగా ఉంది, శనగ వాసన. "ఇదేంది?" అన్నట్టు చూసింది. ఖాలమ్మ మురిసిపోతూ, "నేనే ఏసిన! రెండు ముట్టీ దాల్! రొట్టె వెన్నలాగొస్తది సూడు" అని వీధి చివరి దాకా వినబడేలా చెప్పింది. దీదీ డబ్బా ముందు అట్లాగే నేల మీద కూర్చుండిపోయి ఏడ్చింది. ఎవరింటి పప్పో, కడిగారో లేదో. కారం పట్టిన గదిలో పట్టిన పిండి. వ్రతానికి ఇంక రెండే రోజులు. ఖాలమ్మకు ఏమీ అర్థం కాలేదు. మిషను బంద్ చేసి నా వైపు చూసింది.

పొద్దుగూకే సరికి లైన్లలో ఒక మాట పుట్టింది. కావాలనే కలిపింది, వేరే మతం మనిషి కదా అని. ఫోన్లలో తిరిగింది. నిన్నటి దాకా బిహారోళ్లను నల్లా దగ్గరికి రానివ్వని మా వీధివాళ్లలో కూడా ఒకరిద్దరు, అవును మరి, అనుకోవచ్చు కదా, అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతుంది. మర్నాడు గిర్నికి గోధుమ డబ్బా ఒక్కటి కూడా రాలేదు. ఖాలమ్మ ఖాళీ బల్ల మీద కూర్చొని, మొదటిసారి చిన్న గొంతుతో అంది.

"ఈ ఊర్ల ఎన్ని పెండ్లిళ్లకు పసుపు పట్టిన బిడ్డా. ఎవ్వరు అడగలే. ఇయ్యాల నాకు మతం వచ్చింది."

అంతలోనే లేచి కొంగు దులుపుకుంది. "కూసుంటే అయితదా? నడువు. నువ్వు నాతోని రా. నా నోరు పెద్దది, కొట్లాటకొచ్చిన అనుకుంటరు."

లైన్లలో ఆమెను చూసి నలుగురు మగవాళ్లు లేచి నిలబడ్డారు. ఆమె వాళ్లను చూడనే లేదు. దీదీ గది ముందు చెప్పులు విప్పి, బయటే నిలబడి, "బహూ, గలతీ మేరీచ్ హై" అంది. తప్పు నాదే అని. సాకు చెప్పలేదు, నాకు తెలియదనలేదు, మంచికే చేశానని కూడా అనలేదు. "ఏమేం చెయ్యాల్నో చెప్పు. ఎట్ల కడగాలె, ఎట్ల ఎండాలె, ఎవరు ముట్టద్దు. అన్ని చెప్పు. ఇయ్యాల రేపు నా గిర్ని నీది." దీదీ కళ్లు తుడుచుకొని గడప దాకా వచ్చింది. తర్వాత వేళ్ల మీద ఒక్కొక్కటి చెప్పింది. కడిగిన గోధుమలు ఆరబెట్టడానికి చోటు లేదు, రేకుల మీద పావురాలు. స్నానం చేయనివాళ్లు ముట్టకూడదు. ఏదైనా తిన్నవాళ్లు ముట్టకూడదు.

"మిద్దె ఉన్నది," అంది ఖాలమ్మ వెంటనే. ఎవరి మిద్దె? మాది. మా అత్తను అడగకుండానే.

మిద్దె మీద మా అత్త మిరపకాయలు ఎండుతున్నాయి. "నా మిద్దె మీద బిహారోళ్ల గోధుమలేంది?" అని మా అత్త మెట్ల మీద అడ్డం కూర్చుంది. ఖాలమ్మ కింది నుంచి, "వదినె, నీ మిరపకాయలు రేపటికి గూడ మిరపకాయలే. ఆ పిల్ల ఉపాసం రేపటికి ఉండది" అని అరిచింది. మా అత్త గొణుక్కుంటూనే మిరపకాయలు ఎత్తి, మిద్దె రెండుసార్లు కడిగింది. ఒకసారి చాలని నేనంటే, "నీకేం ఎరుక, ఒక్కపొద్దుల సంగతి" అని కసిరింది.

దీదీ కొత్త చీర పరిచి గోధుమలు ఆరబోసి మధ్యాహ్నం డ్యూటీకి పోయింది. కాపలాకు మెట్ల దగ్గర గొడుగు కింద ఖాలమ్మ, చేతిలో పొడుగాటి వెదురు కర్ర. గోధుమలకు నాలుగు గజాల దూరం తగ్గలేదు. కాసేపటికి మా అత్త కూడా ఇంకో కర్ర పట్టుకొని ఎక్కింది. సాయంత్రం దాకా ఇద్దరూ కాకులను తోలుతూ, ఏ కాకి ఎవరి దిక్కు నుంచి వచ్చిందో కొట్లాడుకుంటూ కూర్చున్నారు. "అది నీ కాకి వదినె, మసీదు మీద నుంచి వచ్చింది." "తూ, గది మీ గుడి కాకి, నడక సూడు." వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. లైన్లవాళ్లు కూడా వచ్చి కింద నిలబడ్డారు. పొద్దున లేచి నిలబడ్డ నలుగురిలో ఒకతను, కాసేపు చూసి, ఇంకో రెండు వెదురు కర్రలు తెచ్చి ఇచ్చి పోయాడు.

తెల్లారి ఖాలమ్మ మిషను విప్పి రాళ్లు కడిగించి ఎండబెట్టింది. గోడలకు అతుక్కున్న కారం తుడిచింది. తలుపు మీద సుద్దముక్కతో నాచేత రాయించింది, "ఇయ్యాల కారం లేదు, ఏదీ లేదు". దీదీ తలస్నానం చేసి డబ్బాతో వచ్చాక, తాను గడప దాటి బయటికొచ్చి నిలబడింది. నాకు మండింది.

"నీ గిర్నికి నువ్వే బయట నిలబడుడేంది ఖాలమ్మా?"

"పొద్దుగాల రొట్టె తిన్న బిడ్డా. తిన్నోళ్లు ముట్టద్దన్నది గద. మతం అనలే, తిన్నోళ్లు అన్నది. చెవులు పెట్టి ఇను."

అంతవరకు బాగానే ఉంది. గిర్ని నడపడం దీదీకి రాదు. బయటి నుంచి ఖాలమ్మ చేతులూపుతూ చెబుతుంది, మిషను చప్పుడులో దీదీకి వినబడదు. రాయి మరీ బిగిసి కమురు వాసన వచ్చింది. "లేపు! రాయి లేపు!" అని ఖాలమ్మతో పాటు మేమంతా అరిచాం. దీదీ గాభరాగా రాయి పిడి ఇటు తిప్పబోయి అటు తిప్పింది. పిండి పొగలా లేచి ఆమె కనుబొమలు, జుట్టు అన్నీ తెల్లగా అయ్యాయి. బయట ఖాలమ్మ నవ్వు, లోపల దీదీ నవ్వు. రెండు రోజుల తర్వాత ఆమె నవ్వింది. పిండి ఉప్మా రవ్వలా వచ్చింది. ఆ ఏడాది ఠేకువా కొరికి మా అత్త కట్టుడు పన్ను కదిలింది. ఆ సంగతి ఆమె ఇప్పటికీ గర్వంగానే చెబుతుంది.

వ్రతం నిలబడింది. బిహార్‌లో అత్తగారు ఫోనులో వీడియో చూసి, పిండి బరకగా ఉందని మాత్రం అందట.

మరుసటి ఏడు వ్రతం పిండి పట్టే రోజు పొద్దున ఖాలమ్మ మా ఇంటికి టీకి రాలేదు. నేను పోయి చూస్తే తల తడిగా, ఉతికిన తెల్లటి దుపట్టా కప్పుకొని బల్ల మీద కూర్చొని ఉంది. "ఏం తినలే. నీళ్లు గూడ తాగలే," అంది. "రంజాన్ల నెల దినాలు ఉంటనాయె. ఒక్క పొద్దు నాకెంత?" దీదీ డబ్బాతో వచ్చింది. ఖాలమ్మ లేచి నిలబడింది. దీదీ ఆ తడి తలను, ఎండిన పెదవులను చూసింది. "పానీ భీ నహీఁ?" అని అడిగింది. నీళ్లు కూడానా? ఖాలమ్మ తల అడ్డంగా ఊపింది. దీదీ డబ్బా తీసి ఆమె చేతుల్లో పెట్టింది. ఆ ఏడు ఠేకువా వెన్నలాగా కరిగింది. అప్పటి నుంచి ఏటా అంతే. లైన్లలో ఇంకో ఆరేడు డబ్బాలు తోడయ్యాయి.

మసీదు వీధిలో ఒకరు, వాళ్ల పూజకు నువ్వు ఉపాసముండుడేందని ఆమెను అడిగారు. "నా ఉపాసం నా అల్లాకు. పిండి వాళ్ల సూర్యునికి. నడుమ నా గిర్ని తిరిగేది కరెంటుతోని" అని చెప్పి పంపింది. పేచీలు అన్నీ తీరిపోయాయని చెప్పను. నల్లా దగ్గర ఇప్పటికీ బిందెలు మోగుతాయి. ఆవనూనె వాసనకు మా అత్త ఇప్పటికీ కిటికీ మూస్తుంది. కాకపోతే మూసే ముందు, "ఇయ్యాల ఏం వండుతున్నరో" అని ఒకసారి పీల్చి మరీ మూస్తుంది.

నలభై రోజులకు ఆమె పేరున దువా చేసి ఫాతెహా భోజనం పెట్టాలి. బగారా అన్నం వంటవాళ్లకు చెప్పారు. కానీ అమ్మకు అన్నం కంటే రొట్టె ఇష్టమని కొడుకు రొట్టెలు చేయించాలనుకున్నాడు. గోధుమలు తెచ్చి మా అత్తకు ఇచ్చాడు. బస్సు నడపడం వచ్చు గాని గిర్ని నడపడం అతనికి రాదు. ఆమె పోయాక మిషను ఒక్కరోజు కూడా తిరగలేదు. తాళం చెవి పట్టుకొని గడప మీద నిలబడ్డాడు.

మొన్న పొద్దున దీదీ వచ్చింది. తల నుంచి నీళ్లు కారుతున్నాయి. టీ తాగమన్నాను, తల అడ్డంగా ఊపింది. అప్పుడు అర్థమైంది. లోపలికి పోయి రాళ్లు విప్పి కడిగింది, తుడిచింది, బిగించింది. మా అత్త ముందు రోజంతా మిద్దె మీద కర్ర పట్టుకొని కాపలా కాసిన గోధుమలు తెచ్చి ఇచ్చింది. ఒక్కతే కూర్చొని కాకులతో కొట్లాడింది, జవాబు చెప్పే వదినె లేదు. స్విచ్చు వేయగానే మిషను మోగింది. నలభై రోజుల తర్వాత వీధికి చప్పుడు వచ్చింది. ఇళ్లలో నుంచి ఒక్కొక్కరే బయటికొచ్చారు. దీదీ తలవంచి రాయి చప్పుడు విని, ఇటు కొంచెం తిప్పింది. ఈసారి ఎవరూ అరవాల్సిన పని పడలేదు.

తర్వాత వెనక అరలో నుంచి పాత బిస్కెట్ డబ్బా దించింది. అందులో తాను కడిగి ఎండబెట్టి తెచ్చిన శనగపప్పు పోసింది. ఒక పిడికెడు తీసి ఖాలమ్మ గోధుమల్లో వేసింది. ఒకసారి ఆగి, ఇంకో పిడికెడు వేసింది. గోధుమల మీద ఆ పచ్చటి పప్పు కాసేపు గలగలా ఎగిరి, సుడి తిరిగి, మెల్లగా లోపలికి దిగిపోయింది.